ఒకవైపు వెలిసిన గిటారు

హెప్సిబా కుర్చీ జరిపేశారు.

విసిరి పారేశారని కాదు లెండి. శ్రీరాంపూర్ కాలనీ చర్చిలో వాక్యం చెప్పే బల్ల పక్కన, కిటికీ కింద, ఇరవై ఆరేళ్లుగా ఆమె ఒళ్లో గిటారు పెట్టుకుని కూర్చునే చోటది. ముగ్గురు పాస్టర్లు మారారు, పైకప్పు రేకులు పోయి స్లాబు వచ్చింది, ఆ కుర్చీ మాత్రం జానెడు జరగలేదు. ఈ ఆదివారం ఆమె వెళ్లేసరికి అక్కడ కొత్త డ్రమ్ ప్యాడ్ నిలబడి ఉంది. దాని కాళ్ల చుట్టూ వైర్లు. కుర్చీ ఆడవాళ్ల వైపు మూడో వరస చివరికి పోయింది.

"ఇగ మేం చూస్కుంటం ఆంటీ. మీరు జర రెస్ట్ తీస్కోండ్రి," అన్నాడు రాకేశ్.

ఇరవై మూడేళ్లవాడు, యూత్ బ్యాండుకు పెద్ద. చెడ్డవాడు కాదు, అసలు బాధ అక్కడే ఉంది. చెడ్డవాడైతే నాలుగు దులిపేసి మనసు తేలిక చేసుకునేది. వాడు ఆమెను పక్కకు పిలిచి, పోయిన వారం ఆరాధన వీడియో ఫోనులో పెట్టి, ఎవరికీ వినపడకుండా గొంతు తగ్గించి చూపించాడు.

"గిక్కడ ఇనుండ్రి. ఎఫ్ పలుకుతలేదు. జుర్రుమంటున్నది."

జుర్రుమనే అంది. ఆ ముక్క ఆమెకు వీడియో చూపించి చెప్పాలా? రెండేళ్లుగా తెలుసు.

గిటారు ముట్టనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎఫ్ అనేది తీగలన్నీ కలిపి మీటే ఒక పట్టు. అది పట్టాలంటే చూపుడువేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి గట్టిగా నొక్కి ఉంచాలి. ఒక్క తీగ వదులైనా అది మూలుగుతుంది. చర్చిలో పాడే పాటల్లో సగం ఎఫ్ లేకుండా ముందుకు సాగవు. యాభై ఒకటో ఏట హెప్సిబా ఎడమచేతి చూపుడువేలు కణుపు దగ్గర ఉబ్బింది. పొద్దున లేవగానే మడత పడనంటుంది. ఆమె మంచిర్యాల ఆస్పత్రిలో నర్సు. ఎముకల డాక్టరు వరండాలోనే చెయ్యి పట్టుకుని చూసి, "కీలు అరిగింది సిస్టర్, గిటార్ ఇగ బంద్ పెట్టండ్రి" అని చెప్పి వెళ్లిపోయాడు. చెప్పడం తేలికే.

ఈ సంగతి చర్చిలో ఎవరికీ చెప్పలేదామె. చెబితే ఏమవుతుందో తెలుసు. ముందు జాలిపడతారు. తర్వాత ప్రార్థన మనవుల చీటీలో రాస్తారు. ప్రతి ఆదివారం బీపీలు, షుగర్లు, పిల్లల పరీక్షల మధ్యన "మన సహోదరి హెప్సిబా వేలు" అని మైకులో చదువుతారు. ఆ మాట వినడం కంటే మూడో వరసలో కూర్చోవడమే నయమనుకుంది. అనుకుంది గానీ ఇంటికొచ్చి, ఉప్పునీళ్ల గిన్నెలో చెయ్యి ముంచి కూర్చుంటే కళ్లలో నీళ్లు ఆగలేదు.

పొద్దటి షిఫ్టు దిగి వచ్చిన భర్త స్టీఫెన్ గుమ్మంలో బూట్లు విప్పుతూ చూశాడు. ముప్పై ఏళ్లుగా బొగ్గుబాయిలో పని చేస్తున్న మనిషి. సంగీతం అంటే ఎవరో పాడితే వినడమని మాత్రమే తెలుసు.

"ఏమైందే?"

"కుర్చీ తీసేసిండ్రు."

ఆయన రెండో బూటు విప్పి, దులిపి, గోడకు ఆనించాడు. "నువ్వు ఫోన్ల నెల నుంచి చూస్తున్నవ్ గద, గదేదో సన్న తీగల గిటారు. ఎలక్ట్రిక్‌ది. గది కొంటే వేలు నొయ్యదా?"

హెప్సిబా ఉలిక్కిపడింది. రాత్రుళ్లు దుప్పటి కింద చూసిన వీడియోలన్నీ ఈ మనిషికి ఎలా తెలిశాయి? "నా వయసేంది, ఎలక్ట్రిక్ గిటారేంది? నలుగురు నవ్వుతరు."

"నవ్వనియ్యి. నలుగురే గద," అన్నాడు స్టీఫెన్. "శుక్రవారం నాకు ఆఫ్ ఉన్నది. కరీంనగర్ పోదాం."

శుక్రవారం ముసురు పట్టింది. బస్సు దిగి గొడుగు కింద ఇద్దరూ సగం సగం తడుస్తూ టవర్ సర్కిల్ వెనక సందులో లింగమూర్తి దుకాణం చేరేసరికి పదకొండున్నర. గోడ పొడవునా గిటార్లు మెడలతో వేలాడుతున్నాయి. కింద కీబోర్డులు, డప్పులు, ప్లాస్టిక్ కవర్లు కప్పిన హార్మోనియాలు. ఎక్కడో రేడియో మోగుతోంది.

లింగమూర్తి స్టీఫెన్ వైపు చూసి లేచాడు. "రాండ్రి సార్. పిలగానికా? ఏ క్లాసు?"

"పిలగానికి కాదు. మా ఇంటామెకు."

"ఓ, మేడం కొత్తగ నేర్సుకుంటరా? గట్లయితే ఉకులేలే తీస్కపోండ్రి సార్. నాలుగే తీగలు, పరేషాన్ ఉండది."

"సెమీ హాలో ఉన్నదా అన్నా?" అంది హెప్సిబా.

"ఉన్నది సార్," అన్నాడు లింగమూర్తి, స్టీఫెన్‌తోనే.

సెమీ హాలో అంటే ఎలక్ట్రిక్ గిటారే, కాకపోతే ఒళ్లంతా నిండు చెక్క కాదు. రెండు పక్కలా బోలుగా ఉంటుంది, నడుమ మాత్రం నిలువునా ఒక దిమ్మె. పైన వయొలిన్‌కున్నట్టు రెండు వంపు రంధ్రాలు. వైరు పెడితే పెద్దగా మోగుతుంది, పెట్టకపోయినా ఎంతో కొంత నోరు విప్పుతుంది. గురువారం ఇళ్లలో ప్రార్థన జరిగినప్పుడు వాకిట్లో చాపలు పరుచుకుని కూర్చుంటారు. అక్కడ ప్లగ్గు ఎవరిస్తారు? అందుకే ఆమె మనసు ఈ రకం మీద పడింది.

లింగమూర్తి ఎర్రగా మెరుస్తున్న గిటారు దించాడు. "గియ్యే నడుస్తున్నయి సార్ ఇప్పుడు. మొన్ననే జగిత్యాలకు రెండు పోయినయి."

"రంగు మంచిగనే ఉన్నది గదనే," అన్నాడు స్టీఫెన్ భార్యతో, పెళ్లిచీరల దుకాణంలో చెప్పినంత నమ్మకంగా.

హెప్సిబా చెయ్యి చాపింది. లింగమూర్తి గిటారును కొద్దిగా వెనక్కి తీసుకున్నాడు. "మేడం, గోళ్లు తాకితే పాలిష్ మీద గీతలు వడ్తయి."

ఆమె పది వేళ్లూ అతని మొహం ముందు చాపింది. కండ దాకా కత్తిరించిన గోళ్లు. "నర్సునన్నా. గోళ్లు పెంచితే నాకు నౌకరి ఉండది. ఇయ్యి ఇటు."

ఇచ్చాడు. ఆమె ముందు దాని అడుగు భాగాన్ని భుజానికి ఆనించుకుని, ఒక కన్ను మూసి, సిరంజిలో గాలిబుడగ చూసినట్టు మెడ పొడవునా చూసింది. మెడ నిటారుగానే ఉంది. తర్వాత కూర్చుని కింది తీగ నుంచి మొదలుపెట్టి ఒక్కో తీగనూ మెడ మీది ఒక్కో మెట్టు దగ్గరా నొక్కి మీటింది. ఆరు తీగలు, ఇరవై రెండు మెట్లు. లింగమూర్తి ఫోను తీసి చూసుకున్నాడు, మళ్లీ జేబులో పెట్టాడు, మళ్లీ తీశాడు. రెండో తీగ మీద పదో మెట్టు దగ్గర స్వరం టక్కుమని చచ్చిపోయింది. ఆమె ఇంకోసారి మీటింది. మళ్లీ టక్.

"కొత్తది గద సార్, వాయించుకుంట పోతే సెట్ అయితది," అన్నాడు లింగమూర్తి.

ఇక మిగిలింది ఎఫ్. వచ్చిందే దానికోసం. చూపుడువేలు మొదటి మెట్టు మీద అడ్డంగా పరిచి నొక్కింది. నొప్పి కణుపులోంచి మణికట్టు దాకా పాకింది. పళ్లు బిగించి మీటింది. జుర్రుమంది. అదే జుర్రు. ఇంట్లో, చర్చిలో, రాకేశ్ ఫోనులో విన్నదే. సన్న తీగలన్నారు, మెత్తగా ఉంటాయన్నారు, నెల రోజులు ఆశపెట్టుకుని ఇంత దూరం వస్తే ఇక్కడా అదే. డాక్టరు చెప్పిందే నిజం కాబోలు. ఆమె గిటారు బల్ల మీద పెట్టేసింది.

"పోదాం పా," అంది భర్తతో.

"అమ్మా, ఒక్క నిమిషం ఆగు."

దుకాణం చివర నేల మీద గోనెపట్టా పరుచుకుని, విప్పేసిన హార్మోనియం ముందు ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల గడ్డం, వేళ్ల నిండా బంక. రిపేర్లు చేసే ముకర్రం. "గది నీ వేలు తప్పు కాదు. మొదటి మెట్టు కాడ తీగ ఎత్తున ఉన్నది. తీగ కూసునే గాడిని ఫ్యాక్టరోళ్లు లోతుకు కొయ్యలే. నాకు ఈడికి ఇనవడ్డది."

"చాచా, నీ పని నువ్వు చూస్కో," అన్నాడు లింగమూర్తి.

"గదే చూస్తున్న సేట్." ముకర్రం మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చాడు. "ఇంట్ల ఏం గిటారున్నదమ్మా?"

"వైరు లేని డబ్బా గిటారు. ఇరవై ఆరేండ్లది."

"నడిమిట్ల తీగకు, కట్టెకు సందు ఎంతుంటది?"

ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు పెట్టి చూపించింది. చిటికెనవేలు దూరేంత.

"యా అల్లా!" ముకర్రం నెత్తి కొట్టుకున్నాడు. "గంత ఎత్తు తీగను పహిల్వాన్ గూడ ఒత్తలేడు. మెడ వంగిందమ్మా దానికి. ఎన్నేండ్ల కిందనో వంగింది. నువ్వేమో నీ వేళ్లే పోయినయనుకున్నవ్."

రెండేళ్లు. రెండేళ్లుగా తన వేలిని తిట్టుకుంది, ఉప్పునీళ్లలో ముంచింది, రాత్రి పూట గుడ్డ చుట్టింది. తన పక్కనే గోడకు ఆనించి ఉన్న గిటారు మెడ వైపు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఇవాళ చూసినట్టు కన్ను మూసి చూడలేదు. పెళ్లిలో నాన్న పెట్టింది, దానికి వంక ఉంటుందని తోచనే లేదు.

"వేలు గూడ వాచింది చాచా. డాక్టర్ చెప్పిండు," అంది చివరికి.

ఆయన దూరం నుంచే వేలు చూశాడు. "వాచింది. అబద్ధం ఎందుకు చెప్పాలె. సగం దోషం వేలుది, సగం గిటారుది. సగమైతే నేను తీసేస్త."

ఆయన దించింది ఎర్రది కాదు. వాకిలి పక్కన అద్దాల్లో వేలాడుతున్న గోధుమరంగుది. మూడేళ్లుగా సాయంత్రపుటెండ ఒక పక్కనే పడి, ఆ పక్క రంగంతా వెలిసి పాత గోడలా అయింది. రెండో పక్క నిగనిగలాడుతోంది. సగం ఉతికిన చొక్కా వేసుకున్నట్టుందని స్టీఫెన్ అనబోయి, భార్య మొహం చూసి మింగేశాడు.

"రంగు పోయింది గని మెడ పోలే," అన్నాడు ముకర్రం. రంధ్రంలోంచి చిన్న లైటు వేసి లోపల దిమ్మె అతుకు చూశాడు, వేలితో తట్టి విన్నాడు. వైరు పెట్టి నాబ్‌లు ఒక్కొక్కటే తిప్పాడు. ఒకటి గరగరలాడితే దాన్ని విప్పి మందు కొట్టాడు. పన్నెండో మెట్టు దగ్గర తీగ నొక్కి, వదిలేసి, రెండు స్వరాలూ ఒకటేనా అని ఆమెనే అడిగాడు. "కొంచెం ఎక్కువున్నది చాచా," అందామె. ఆయన నవ్వి మరను పావు చుట్టు తిప్పాడు. ఇప్పుడు సరిపోయింది. "చెవి పోలే నీకు," అన్నాడు. మొదటి మెట్టు దగ్గర గాడిని సన్నపు ఆకురాయితో నాలుగు సార్లు గీసి, ఊదాడు. తీగలు కిందికి దిగాయి.

ఆమె ఎఫ్ పట్టింది. ఆరు తీగలూ పలికాయి.

"కొంటం," అన్నాడు స్టీఫెన్ గబుక్కున.

"ఆగు భాయ్, గప్పుడే ఏం కొంటవ్?" ముకర్రం చేతులు కడుక్కుని జేబులోంచి టోపీ తీశాడు. "ఇయ్యాల జుమ్మా. నేను నమాజ్‌కు పోయొస్త. నేనొచ్చేదాంక ఆమె గిటారు కింద వెట్టొద్దు. అయిదు నిమిషాలల్ల ఏ గిటారన్న మంచిగనే ఉంటది. ముప్పావుగంట వాయించినంక చెయ్యి ఏమంటదో గది ఇనాలె."

"గంతసేపు షాపుల కచేరి వెడ్తవా చాచా?" లింగమూర్తి మొహం మాడ్చుకున్నాడు.

"చెప్పు కొంటే వేసుకుని నడిచి చూడరా సేట్?" అని ముసలాయన గొడుగు తీసుకుని వానలోకి వెళ్లిపోయాడు.

హెప్సిబా స్టూలు మీద కూర్చుంది. మొదటి పది నిమిషాలు సిగ్గుగా ఉంది. వచ్చేపోయేవాళ్లు తలతిప్పి చూస్తున్నారు. వేలు ఎప్పుడు తిరగబడుతుందోనని భయపడుతూ మెల్లగా, ఒక్కో పట్టూ తడుముకుంటూ వాయించింది. తర్వాత తనకు తెలిసిన పాటలు ఒకదాని వెనక ఒకటి రావడం మొదలయ్యాయి. సమాధుల దగ్గర పాడేవి, పెళ్లిళ్లలో పాడేవి, చిన్నప్పుడు హాస్టల్లో నేర్చుకున్నవి. ఎఫ్ వచ్చినచోటల్లా ఊపిరి బిగబట్టేది. అది పలికేది. ఇంకోసారి వచ్చేది, ఇంకోసారి పలికేది. కొంతసేపటికి ఊపిరి బిగబట్టడం మరిచిపోయింది. లింగమూర్తి లేచి వెళ్లి రేడియో కట్టేశాడు. ఎందుకు కట్టేశాడో ఎవరూ అడగలేదు. మళ్లీ వచ్చి కూర్చుని, కాసేపు ఆమె చేతినే చూశాడు.

"మేడం," అన్నాడు, "చాయ్ తాగుతరా?"

దుకాణంలోకి వచ్చిన గంటన్నరలో అతను ఆమె మొహం చూసి మంచిగా ఆడిన మొదటి మాట అది. ఆమె వాయిస్తూనే తల ఊపింది.

ముకర్రం తిరిగొచ్చి గొడుగు దులిపాడు. "నొచ్చిందా?"

హెప్సిబా వేళ్లు ముడిచి, తెరిచి చూసుకుంది. "ఉడుకెక్కినయి చాచా. నొయ్యలే." ఆ మాట అన్నాక ఇక ఆగలేదు. నడి దుకాణంలో, ముక్కూ మొహం తెలియనివాళ్ల ముందు, పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. స్టీఫెన్ కంగారుపడి గోడ మీది గిటార్లను లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు.

వెలిసిన రంగు చూపించి స్టీఫెన్ బేరమాడాడు, లింగమూర్తి పదహారు వేలకు దిగాడు. సంచిలో పెట్టి ఇస్తూ ముకర్రం ఇంకో మాట చెప్పాడు. "వైరు లేకుంటే గిది పక్కనున్నోళ్లకే ఇనవడతది తల్లీ. పొట్టంత బోలు అనుకోకు, నడుమ కట్టె ఉన్నది. గా కట్టె లేకుంటే వైరు వెట్టంగనే కూ అని మొత్తుకుంటది. ఒకటి కావాల్నంటే ఒకటి పోతది."

"చర్చిల లైన్ ఉంటది లే చాచా," అంది హెప్సిబా.

శనివారం సాయంత్రం బ్యాండు ప్రాక్టీసు. గిటారు సంచి భుజాన వేసుకుని వెళ్తుంటే పెళ్లికి వెళ్తున్నట్టుంది ఆమెకు. రాకేశ్ సంచి తెరిచి చూసి ఎగిరి గంతేశాడు. "అబ్బ! సెమీ హాలో! ఎక్కడ వట్టిండ్రు ఆంటీ?" అడగకుండానే ఒళ్లోకి తీసుకుని, వైరు పెట్టుకుని వాయించాడు. బాగా వాయించాడు, కాదనడానికి లేదు. గిటారు వాడి చేతిలో ఇంకోలా పలికింది. "మస్తున్నది ఆంటీ, కసమ్. వేలు ఇట్ల పెడితే చాలు, పలుకుతున్నది."

"నాది ఏ లైన్‌ల పెడ్తవ్ బిడ్డా?"

రాకేశ్ మొహం కొద్దిగా మారింది. వైర్లన్నీ గుచ్చే మిక్సర్ పెట్టె వైపు చూపించాడు. "లైన్ లేదు ఆంటీ. ఎనిమిదే ఉన్నయి. కీబోర్డుకు రెండు, ప్యాడ్‌కు ఒకటి, బేస్ గిటారుకు ఒకటి, మైకులు మూడు, అయ్యగారి మైకు ఒకటి. అయిపాయె." కాసేపు గిటారు మెడ నిమురుతూ ఆగి, తనకే మంచి ఆలోచన వచ్చినట్టు తలెత్తాడు. "బేస్ తీసేసి గిది నేను వాయిస్త ఆంటీ. ఎట్లయినా దేవుని పనికే గద మీరు కొన్నది."

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన పాస్టరు ఆ చివరి మాట విన్నాడు. "ఎంత మంచి మనసమ్మా!" అని చేతులు జోడించాడు. "రేపు ఆరాధనల ప్రతిష్ఠ ప్రార్థన చేద్దాం."

ఆ చర్చిలో అది ఆనవాయితీ. కొత్తగా లోపలికొచ్చిన వస్తువు మీద, గోడగడియారం కానీ కీబోర్డు కానీ, పాస్టరు చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే ఇక అది సంఘానిది. తిరిగి ఇంటికి పట్టుకుపోవడం ఉండదు. ఈ సంగతి తెలిసి తెలిసి ఆమె గిటారును ఇంటికి తీసుకుపోయినట్టు తిన్నగా ఇక్కడికి మోసుకొచ్చింది. పైగా కాదంటే ఏమంటారు? దేవుడికి ఇవ్వనందంటారు. రాకేశ్ చేతిలో గిటారు ఉంది. పాస్టరు కళ్లలో నిజమైన సంతోషం ఉంది. వీళ్లలో ఒక్కడూ దొంగ కాదు, అయినా ఆమె సొమ్ము ఆమె ముందే పోతోంది.

"ప్రార్థన చెయ్యుండ్రి అయ్యగారూ," అంది. "గని గిటారుకు కాదు. నా వేలుకు చెయ్యుండ్రి."

ఎడమచెయ్యి చాపింది. ఉబ్బిన కణుపు ట్యూబులైటు వెలుగులో ఎర్రగా కనిపించింది. "రెండేండ్ల నుంచి గిట్లున్నది. పాత గిటారు ఒత్తలేక పోయిన. ఎఫ్ పలుకుతలేదంటే గందుకే రాకేశ్. ఇది ఒత్తగలుగుత. గందుకు కొనుక్కున్న. నేను వాయించుటానికి కొనుక్కున్న."

ప్యాడ్ దగ్గర కూర్చున్నవాడు పుల్లలు కింద పెట్టాడు. రాకేశ్ వైరు పీకి, గిటారు రెండు చేతులతో ఆమెకిచ్చాడు. "చెప్పరాదా ఆంటీ," అన్నాడు నేల చూస్తూ. పాస్టరు నిజంగానే కళ్లు మూసి ఆమె వేలి కోసం ప్రార్థన చేశాడు. చిన్న ప్రార్థనే. ఆమేన్ అన్నాక మాత్రం ఇబ్బందిగా మిక్సర్ వైపు చూశాడు. "లైన్ సంగతి వచ్చే కమిటీల మాట్లాడుదాం తల్లీ. రేపటికైతే…"

"రేపు నా వరసల నేను కూసుంట," అంది హెప్సిబా.

ఆదివారం ఆమె మూడో వరస చివర గిటారుతోనే కూర్చుంది. వైరు లేదు, మైకు లేదు. చూసినవాళ్లు చూశారు. మగవాళ్ల వైపు నుంచి స్టీఫెన్ ఇస్త్రీ చొక్కాలో మెడ సాచి చూస్తున్నాడు. బ్యాండు రెండు పాటలు వాయించింది. కొత్త పాటలు, యూట్యూబులో ఏ స్థాయిలో ఉంటే ఆ స్థాయిలోనే వాయిస్తారు. పెద్దవయసు ఆడవాళ్లకు అంత పైకి గొంతు పోదు. పెదవులు కదిపి ఊరుకుంటారు. హెప్సిబా ఒళ్లో గిటారు మోగుతూనే ఉంది కానీ స్పీకర్ల హోరులో ఆమెకే వినపడలేదు. ముకర్రం చెప్పిందే నిజమైంది. సరే, చెయ్యయినా ఆడుతోంది కదా అని సరిపెట్టుకుంది. సరిపెట్టుకోవడం అంత తేలిగ్గా ఏం లేదు.

వాక్యం అయ్యాక కానుకల వేళ పాస్టరు ఎప్పటిలాగే, "లచ్చవ్వా, ఒక పాత పాట ఎత్తు" అన్నాడు.

లచ్చవ్వకు డెబ్బై ఎనిమిది. అక్షరం ముక్క రాదు, పాటల పుస్తకమంతా నోటికొచ్చు. ఆమె శ్రుతి అడగదు, ఆగదు. ఆ రోజు దగ్గు ఎంతుంటే గొంతు అంత కిందికి, ఒళ్లు బాగుంటే అంత పైకి, తోచిన చోట అందుకుంటుంది. ఆ పూట ముసురుకు గొంతు పట్టేసి బాగా కిందికి దిగి ఎత్తుకుంది. ఆడవాళ్లంతా హాయిగా అందుకున్నారు.

కీబోర్డు అబ్బాయి ఒక మీట నొక్కాడు, కుదరలేదు. ఇంకోటి నొక్కాడు. "స్కేల్ ఏంది? అన్నా, స్కేల్ ఏంది?" రాకేశ్ బేస్ మీద తడుముకున్నాడు. పాట ఒకచోట, వాద్యాలు ఒకచోట. లచ్చవ్వ పట్టించుకోకుండా మొదటి చరణంలోకి వెళ్లిపోయింది.

హెప్సిబా ఆలోచించలేదు. ఇరవై ఆరేళ్లు ఈ ముసలామె గొంతు వెంట పడి తిరిగింది. ఎఫ్ పట్టి మీటింది, పాట ఒక మెట్టు పైనుంది. అదే పట్టును ఒక మెట్టు పైకి జరిపింది. కలిసింది. వేలు ఆరు తీగల మీదా పడుకుని ఉంది, ఆరూ పలుకుతున్నాయి.

ముందు పక్కనామె విన్నది. వినడానికి గొంతు కొంచెం తగ్గించింది. ఆమె తగ్గిస్తే వెనక వరస విన్నది, వాళ్లూ తగ్గించారు. బ్యాండు వాయించడం ఆపేసింది. చర్చి అంతటా చిన్నగా, నిదానంగా ఒకే గొంతు, దాని కింద చెక్కలోంచి వచ్చే సన్నని మోత. మగవాళ్ల వైపు కూడా మాటలు ఆగాయి. కానుకల సంచి పట్టుకుని తిరిగేవాళ్లు చెప్పుల్లేని కాళ్లతోనే ఇంకా మెల్లగా అడుగులేశారు.

రాకేశ్ బేస్ పక్కన పెట్టాడు. దాని వైరు పీకి, పొడుగ్గా లాక్కుంటూ నడవలోంచి వంగి వంగి వచ్చి, ఆమె కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెమట పట్టిన మొహం. వైరు కొస ఆమె గిటారు వైపు చాపాడు. "ఆంటీ, నా లైన్ తీస్కోండ్రి."

నిన్న సాయంత్రం ఆమె అడిగింది అదే. ఆమె చెయ్యి ఆపలేదు. వాడి వైపు వంగి గుసగుసగా అంది. "ఇప్పుడొద్దు బిడ్డా. పెడితే ముసలామె గొంతు మునుగుతది. పాట అయినంక పెట్టు."

రాకేశ్ తల ఊపి అక్కడే నడవలో బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు, వైరు చేతిలో పట్టుకుని. ఆ పాటకు ఏడు చరణాలు. లచ్చవ్వ ఏ ఒక్కటీ వదిలే మనిషి కాదు. మూడో చరణానికి వాడి కాలు తిమ్మిరెక్కి జరిగి కూర్చున్నాడు. నాలుగో చరణంలో పెదవులు కదిలాయి. ఇంత కింది స్థాయిలో పాడటం వాడికి కొత్త, అయినా గొంతు కుదిరింది. అయిదు, ఆరు, ఏడు. ఇక అయిపోయిందనుకుని వాడు వైరు ఎత్తాడు.

లచ్చవ్వ ఊపిరి పీల్చుకుని పల్లవి మళ్లీ మొదటి నుంచి అందుకుంది. హెప్సిబా వేలు తీయలేదు.